ముందు ఎత్తిన చెంచా

అమ్మకు,

నడుం వంచి దండం పెట్టి రాస్తున్నాను. ఇక్కడి చలికి కిటికీ అద్దాలు లోపలివైపు కూడా గడ్డకడుతున్నాయి. అయినా నేను గుండ్రాయిలా ఉన్నాను. నువ్వూ నాన్నా కులాసాగా ఉన్నారని నీ ఉత్తరం చూడగానే తెలిసిపోయింది. ఒంట్లో బాగాలేనివాళ్ళు అన్ని తిట్లు తిట్టలేరు కదా.

ముందు నీ ప్రశ్నలకు జవాబులు. ఉన్ని మేజోళ్ళు అందాయి, ఇది రాస్తున్నప్పుడు కూడా కాళ్ళకే ఉన్నాయి. ఆవాకు కిమ్చీ పచ్చడి డబ్బా కూడా అందింది. మూత తీసేసరికి మా అంతస్తు అంతటికీ కబురు వెళ్ళిపోయింది. ఎన్నడూ మా గది గడప తొక్కనివాళ్ళు కూడా సూదీ దారం కావాలని వచ్చారు. చివరికి నాకు మిగిలింది ఉప్పునీళ్ళున్న డబ్బా. మన యోసు ఆవాకు ముందు ఏ ఊరి కిమ్చీ అయినా దిగదుడుపే అని అందరిచేతా ఒప్పించాను, అది చాలు. మడమ నొప్పి తగ్గింది. నాన్న పడవకి ఇంజను మార్పించాడా లేక ఈ చలిలో కూడా సుత్తితో కొట్టి నడిపిస్తున్నాడా? కొత్త ఏడాది సొల్లాల్ పండక్కి ఏ బస్సులో వస్తున్నావని అడిగావు. దానికి కాస్త ఆగి చెబుతాను.

ఇక నువ్వు నన్ను కడిగేసిన విషయం. పక్క కొట్టు ఎండుచేపల పిన్ని నీ దగ్గర కూర్చుని ఏడ్చిందనీ, ఈ ఏడాదే మా సైనిక అకాడమీలో చేరిన వాళ్ళమ్మాయి హేవన్ ‘ఎప్పుడూ ఆకలిగా ఉంటోంది’ అని ఇంటికి రాసిందనీ రాశావు. ‘మీరు అక్కడ పిల్లలకు తిండి పెడుతున్నారా, డ్రిల్లు పెట్టి చంపుతున్నారా? నువ్వు శిక్షణ ఇచ్చేచోట పిన్ని కూతురు పస్తులుంటే నేను కొట్టు ఎలా తెరవను?’ అన్నావు. నిన్ను తప్పు పట్టను. నేను చేరిన ఏడాది నువ్వు అకాడమీ గేటు దాకా ఉడికించిన చిలగడదుంపలు మోసుకొచ్చి కాపలావాడితో గొడవపడిన దానివి.

తిండి సరిపోతుందా అంటే, సరిపోతుందమ్మా. వండేవాళ్ళను ఒక్క మాట అనడానికి లేదు. అన్నం, చారు, మాంసం, రెండు రకాల కూరలు, కిమ్చీ. అన్నం ఎంతైనా పెట్టించుకోవచ్చు. మరి పిల్లలంతా ఆకలి ఆకలి అని ఎందుకు గోల పెడతారంటావా? తెల్లవారకముందే లేపి మంచులో పరుగెత్తిస్తే ఎవరికైనా కడుపు బావి అవుతుంది. పైగా తినే పద్ధతి ఒకటుంది. వెన్ను కర్రలా నిలబెట్టి, చూపు ఎదురుగా పెట్టి, చెంచాను పళ్ళెం మీంచి నిటారుగా పైకి లేపి, అక్కణ్ణించి అడ్డంగా నోటిదాకా తేవాలి. మొదటి ఏడాది నేను తాగిన చారులో సగం నా చొక్కాయే తాగింది. ఇప్పటి పిల్లలూ అంతే. పక్కల మీద పడుకుని వేయించిన కోడి గురించి ఒకరికొకరు చెప్పుకుంటారు, మంత్రం జపించినట్టు. ఆదివారం ప్రార్థనకు వెళితే చాక్లెట్ కేకు ఇస్తారని ఒక వారం గుడికీ ఇంకో వారం చర్చికీ వెళ్ళేవాళ్ళున్నారు. ‘ఏరా, నీ దేవుడెవరు?’ అని ఒకణ్ణి అడిగితే ‘ఈ వారం ఎక్కడ రెండు ఇస్తున్నారు మేడమ్?’ అని నన్నే అడిగాడు.

కానీ హేవన్ ఆకలి అలాంటిది కాదు. ఆ మాట నువ్వు రాయకముందే నాకు తెలుసు. ఎందుకంటే ఆ అమ్మాయి ఎక్కడో కాదు, సీనియర్ క్యాడెట్‌గా నేను శిక్షణ ఇచ్చే జట్టులోనే ఉంది.

మొదట్లో ఆ పిల్ల పిన్ని కూతురని నాకు తెలియదు. పిన్ని నీ పక్కన కొట్టు పెట్టింది నేను ఇక్కడికి వచ్చేశాకనే కదా, అమ్మాయి కూడా కొండ మీద తాతగారింట్లో పెరిగిందాయె. సన్నగా, పొడుగ్గా, చెప్పిన పని చెప్పినట్టు చేసే పిల్ల. పరుగులో ముందుండేది, తుపాకీ విప్పి బిగించడంలో అందరికంటే చురుకు. భోజనం దగ్గర మాత్రం బొమ్మలా కూర్చునేది. అందరూ మింగుతుంటే పళ్ళెం వంక చూస్తూ ఉండేది, లేవమనే కేక వినపడే ముందు గబగబా నాలుగు ముద్దలు కుక్కుకునేది. పళ్ళెం నిండుగానే వెనక్కి వెళ్ళేది.

నాకు ఒళ్ళు మండింది. సన్నబడాలనే పిచ్చి అనుకున్నాను. అది కాకపోతే మొండితనం అనుకున్నాను.

“వంట నచ్చలేదా?” అన్నాను ఒకరోజు.

“కాదు మేడమ్!”

“ఇల్లు గుర్తొస్తోందా?”

“కాదు మేడమ్!”

“మరి ఎందుకు తినవు?”

“సరిదిద్దుకుంటాను మేడమ్!”

శిక్షణలో ఉన్నన్నాళ్ళూ వాళ్ళకు మూడే జవాబులు: అవును, కాదు, సరిదిద్దుకుంటాను. ఇక మనసులో ఉన్నది బయటికెలా వస్తుంది? నేను గట్టిగా చీవాట్లు పెట్టాను. ఆ పూట ఆ నాలుగు ముద్దలు కూడా తినలేదు.

రెండో వారానికి బుగ్గలు లోపలికిపోయాయి. ఒక ఉదయం పరుగులో మోకాళ్ళ మీద కూలబడింది. డాక్టర్ చూసి జబ్బేమీ లేదన్నాడు. మా దళం మేజర్ గారు నన్ను పిలిచి, “రాహ్యన్, వారంలో ఆ పిల్ల ఒంటికి తిండి పట్టకపోతే ఇంటికి పంపించేస్తాను. మంచు కొండల్లో నడక మొదలయ్యాక నేను శవాలు మోయలేను,” అన్నారు. ఆయన మాట కటువే గానీ తప్పేమీ లేదు.

ఆ ఆదివారం బట్టలు ఉతికేచోట హేవన్ ఒక్కతే దొరికింది. ‘కాసేపు నేను మేడమ్‌ని కాదు, నువ్వు క్యాడెట్‌వి కాదు, నోటికొచ్చినట్టు మాట్లాడు,’ అన్నాను. చాలాసేపు తడి చొక్కా పిండుతూ నిలబడింది. నీళ్ళన్నీ పోయాక కూడా పిండుతూనే ఉంది.

“అక్కా, మీరు చెంచా ఎత్తరు కదా,” అంది చివరికి.

నాకు అర్థం కాలేదు. “ఏ చెంచా?”

“మీ చెంచానే. మీరు తినకుండా నేనెట్లా తింటాను? మా ఇంట్లో తాతయ్య చెంచా ఎత్తేదాకా ఎవరం ముట్టుకోం. చిన్నప్పుడు మా అన్నయ్య ఓసారి ఆగలేక ముందే తినేశాడు. తాతయ్య చెంచా కింద పెట్టి లేచెళ్ళిపోయాడు. ఆ రోజు ఇంట్లో ఎవరి నోట్లోకీ మెతుకు పోలేదు.”

“ఇది మీ ఇల్లు కాదే తల్లీ! తినమని కేకేస్తారు కదా, వినపడలేదా?”

“వినపడుతుందక్కా. చెయ్యే లేవదు. మీరు అట్లా చేతులు మోకాళ్ళ మీద పెట్టుకుని మమ్మల్నే చూస్తుంటే అన్నం గొంతు దిగదు. పట్నం పిల్లలు కళ్ళు మూసుకుని తినేస్తారు. నాకు రాదు.”

అమ్మా, మా పద్ధతి నీకు తెలియదు కదా. బల్లకు పెద్దగా కూర్చున్నవాళ్ళం మేం చివరనే తినాలి. పిల్లలందరి కడుపులూ నిండాక మిగిలిన చల్లటి అన్నం మాది. నాయకుడు ముందు తినకూడదని మా పైవాళ్ళు మాకు నేర్పారు, మేమూ దాన్ని చూసుకుని గర్వపడతాం. ఆ పిల్ల కోసం నేను చెంచా ముట్టకుండా కూర్చున్నాను. నా కోసం ఆ పిల్ల ముట్టకుండా కూర్చుంది. ఇద్దరం మర్యాదస్తులమే, మధ్యలో చారు చల్లారిపోయింది. నాకు నవ్వాగలేదు. నవ్వుతూ ఉండగానే ఏడుపొచ్చింది. అన్ని రోజులు ఎదురుగా కూర్చుని కూడా ఆ పిల్ల ఏం చూస్తోందో చూడలేకపోయానే అనిపించింది.

“నన్ను ఇంటికి పంపించేస్తారా అక్కా?” అంది హేవన్. “పంపించకండి. పరుగెత్తమంటే ఎంతైనా పరుగెత్తుతాను. ఈ ఒక్కటే చేతకావట్లేదు.”

ఆ రాత్రి భోజనానికి ఆజ్ఞ అని చెప్పి చూశాను. పాపం, ఆజ్ఞకు చెయ్యి లేచింది.  నోట్లో పెట్టుకున్న ముద్ద మింగలేక కళ్ళ నీళ్ళు పెట్టుకుంది. ఆజ్ఞలతో అయ్యే పని కాదని తేలిపోయింది.

మర్నాడు పొద్దున తినమనే కేక వినపడగానే నేను చెంచా ఎత్తాను. అందరికంటే ముందు, అందరూ చూస్తుండగా, ఒక్క గుక్క చారు తాగాను. హేవన్ చెంచా గద్ద తన్నుకుపోయినట్టు లేచింది. నిటారుగా లేదు, అడ్డంగా లేదు, తిన్నగా నోట్లోకే! పళ్ళెం ఖాళీ చేసి మళ్ళీ పెట్టించుకుంది. మధ్యాహ్నమూ అలాగే చేశాను, రాత్రీ అంతే. మూడు రోజులకే పిల్ల ముఖానికి రంగు తిరిగింది.

అలాంటివి ఎక్కడ దాగుతాయి? శిక్షణ ఇచ్చే క్యాడెట్లందరికీ పెద్ద గూ బోన్‌హ్యక్ నన్ను అందరి ముందూ నిలబెట్టాడు. ఆఖరి ఏడాదివాడు, ఇస్త్రీ మడత కూడా నలగని మనిషి.

“ఏం రాహ్యన్, అంత ఆకలేసిందా? పిల్లల కంటే ముందే చారులోకి దూకావట.”

“అవును.”

“కారణం ఏమైనా ఉందా?”

“లేదు.”

“రేపటి నుంచి మానేస్తావా?”

“మానను.”

కారణం చెప్పి ఉండవచ్చు. చెబితే ‘ఆజ్ఞ ఇచ్చినా తినలేకపోయింది’ అనే మాట మేజర్ గారి దాకా పోతుంది. ఆయన పెట్టిన గడువు ఇంకా తీరలేదు. ఆ ఒక్క మాట చాలు, పిల్ల మూట కట్టుకోవడానికి. అందుకే ఆకలి నాదే అని ఒప్పుకున్నాను.

ఇప్పుడు నువ్వడిగిన బస్సు సంగతి. అమ్మా, సొల్లాల్‌కి నేను రావడం లేదు. నా సెలవు రద్దు చేశారు. పండగ చారులో వేసే బిళ్ళల కోసం నువ్వు బియ్యం కూడా నానబోసి ఉంటావు. బస్టాండులో నాన్న ఎప్పటిలా గంట ముందే వచ్చి నిలబడతాడని తెలుసు, ఆయనకు నువ్వే నచ్చజెప్పాలి. ఈ మాట మొదటే రాస్తే మిగతా ఉత్తరం నువ్వు చదవవని ఇంతదాకా లాగాను. బాధగా లేదని అబద్ధం చెప్పను. నీ చేతి చారు తినక ఏడాదైంది. కానీ ఇదే పని మళ్ళీ చెయ్యాల్సివస్తే ఇంకా పెద్ద గుక్క తాగుతాను.

సెలవుతో పోలేదు. వారంపాటు నన్ను బల్ల దగ్గర్నించి లేపేశారు. జట్టు తింటున్నంతసేపూ గోడకు ఆనుకోకుండా నిలబడాలి, అందరూ లేచాకే తినాలి. నా కుర్చీలో గూ బోన్‌హ్యక్ కూర్చుంటాడు.  సెలవు పోతే పోయింది, వీడు చచ్చినా చెంచా ఎత్తడు కదా, హేవన్ సంగతేమిటి? మేజర్ గారు ఆ పిల్ల తూకం చూసే రోజు దగ్గర పడింది.

నిన్న మధ్యాహ్నం నేను గోడ దగ్గర నిలబడ్డాను. అతను కూర్చుని చేతులు మోకాళ్ళ మీద పెట్టుకున్నాడు. తినమని కేక వినపడింది. హేవన్ కదల్లేదు. అటూ ఇటూ చెంచాలు లేస్తున్నాయి, ఆ పిల్ల చెయ్యి ఒళ్ళోనే ఉంది. నేను శిక్షలో ఉన్నాను, దగ్గకూడదు కూడా. లోపల మాత్రం ‘తినవే, నీకు పుణ్యముంటుంది, తినవే’ అని మొక్కుకుంటున్నాను. ఆ పిల్ల చూపు ఎదురుగా ఉండాల్సింది, నెమ్మదిగా పక్కకు తిరిగి గోడ దగ్గరున్న నా మీద పడింది. అలా చూడటం తప్పు. నేను ఎవరికోసం అక్కడ నిలబడ్డానో అర్థమైనట్టు చూసింది. తర్వాత చెంచా పట్టుకుంది.  నిటారుగా పైకి లేపింది, అడ్డంగా నోటిదాకా తెచ్చింది, మింగింది. రెండోది మింగింది. మూడో ముద్దకు చూపు మళ్ళీ ఎదురుగా నిలిచింది. ఎదురుగా పెద్దవాడు చెంచా ముట్టకుండా కూర్చునే ఉన్నాడు, ఈ పిల్ల పళ్ళెం అద్దంలా తుడిచేసింది.

భోజనాలయ్యాక పళ్ళేలు తీసుకెళుతూ అందరూ బల్ల పెద్దకు ‘బాగా తిన్నాం’ అని చెప్పి వెళ్ళాలి. హేవన్ బోన్‌హ్యక్ ముందు నుంచి దాటి వచ్చి, ఇంకా పచ్చి మంచినీళ్ళు కూడా ముట్టకుండా నిలబడ్డ నా ఎదురుగా ఆగింది. హాలు దద్దరిల్లేలా అరిచింది: “బాగా తిన్నానండీ!”

దానికి మా దగ్గర ఏ శిక్ష రాసిపెట్టి ఉందో ఎవరికీ తెలియలేదు. బోన్‌హ్యక్ ఆ పిల్లను చూశాడు, నన్ను చూశాడు, అప్పుడు తన చెంచా ఎత్తాడు. ఈరోజు తూకం చూశారు. పిల్ల ఇక్కడే ఉంటుంది.

కాబట్టి రేపు కొట్టు ధైర్యంగా తెరువు. కడుపు నిండా తింటోందని పిన్నికి చెప్పు, మిగతా కథంతా ఇప్పుడే విప్పకు. ఒక్కటి మాత్రం ముందుగా చెప్పి ఉంచు. శిక్షణ అయ్యాక హేవన్ సెలవుకు ఇంటికొచ్చి తాతగారి కంటే ముందు చెంచా ఎత్తితే, ఆ పెద్దాయన్ని బల్ల దగ్గర్నించి లేవవద్దని నా మాటగా బతిమాలమను. ఆ తప్పు నేర్పింది నేను. తిట్టేవి నన్ను తిట్టమను, కానీ తిన్నాక.

ఇట్లు,
పండక్కి రాలేకపోయినా రోజూ ఆఖరున తింటున్న
నీ పెద్దకూతురు
రాహ్యన్