మానేసినవాళ్ల జాబితా

అనకాపల్లి, 12-8-2006

లూర్దు మేరీకి నీ పెనిమిటి దీవించి రాయునది. అమ్మాయి ఇంటికొచ్చినా ఆయాసం అలాగే ఉంది, కంగారు పడకు.

విశాఖ ఆసుపత్రిలో గొట్టం దింపి, ఊపిరి దారి లోపలి పొరను చిన్న బ్రష్షుతో గీకి తీశారు. పొగ మానేసినవాళ్లకి అక్కడి జీన్లు మళ్లీ దారికొచ్చాయో లేదో చూసి, దాన్నిబట్టి మందు కనిపెడతారట. డాక్టరమ్మ "చుట్ట మానేసి ఎన్నాళ్లయింది తాతా?" అంది. "పదేళ్లు" అన్నాను. మానేసినవాళ్ల జాబితాలో రాసుకుంది. నా అబద్ధం వల్ల ఇంకొకరి మందు తప్పుతుందని మనసొప్పక మర్నాడు మళ్లీ వెళ్లాను.

"నాను మానలేదమ్మా. సెరుకు తోటలో రోజూ రెండు కాలుత్తన్నాను."

"మరి నిన్నేమైంది తాతా?"

"నిన్న మా అల్లుడు పక్కనున్నాడు."

ఆవిడ నవ్వలేదు. పేరు కొట్టేసి వేరే జాబితాలో వేసింది.

గేదె ఈనిందా? పశువులశాల చూరులో చుట్టల కట్ట ఉంది, పెంటకుప్పలో పారెయ్యి.

చుట్ట కాల్చాడని తమ్ముడు రత్నరాజును పెళ్లిపందిట్లో తిట్టి, మూడేళ్లుగా మాట మానేసింది నేనే. కవరు కొనలేక కాదు ఈ కార్డు రాసింది, అందరి కంటా పడాలనే. వాడిని పిలిపించి, అరుగు మీద కూర్చోబెట్టి, కోడలి చేత ఇది మొదటినుంచి పైకి చదివించు.

పిల్లలకు ప్రభువు తోడుండాలి.

ఇన్నాసి