హన్నా నోరు తెరవని మధ్యాహ్నాలు

ప్రియమైన అక్కకు, చెల్లెలు రూతు వందనాలు. దేవుని దయవల్ల నేను బాగున్నాను. బావగారు, పిల్లలు ఎలా ఉన్నారు? నీ మోకాలి నొప్పి తగ్గిందా?

ఫోను ఉండగా ఉత్తరమేమిటని తిట్టుకోకు. ఫోను చేతికిచ్చేది రాత్రిపూటే, అప్పుడు ఏం మాట్లాడినా నేను పనిచేసే ఇంటి మేడంకి వినిపిస్తుంది. ఊరికి వస్తున్న ఒక నర్సమ్మ చేతికి ఇది ఇస్తున్నాను.

ఈ ఎడారి దేశంలో, మా అల్ ఖువైర్ పేటలో ఎండలు అప్పుడే మొదలయ్యాయి. మేడం, సార్ డ్యూటీలకు వెళ్ళాక జోయెల్‌ని బడి బస్సెక్కిస్తే, ఇక ఇంట్లో నేనూ, చిన్నది హన్నా, ఏసీ చప్పుడు. మేడం నర్సు కదా, పిల్లల తిండి దగ్గర మహా పట్టింపు. చక్కెర వద్దు, వేపుళ్ళు వద్దు, ప్యాకెట్ తిండి అసలే వద్దు. సరేనని రాగి జావలో ఖర్జూరం నలిపి వేస్తాను, ఇడ్లీ పిండిలో క్యారెట్ కోరు కలుపుతాను, వంజరం చేప ముల్లు తీసి పప్పన్నంలో దాస్తాను. జోయెల్ గిన్నె నాకేస్తాడు.

హన్నాయే మూడు వారాలుగా మధ్యాహ్నం ముద్ద ముట్టడం లేదు. నోట్లో పెడితే ఉమ్మేస్తుంది. మూడేళ్ళ పిల్ల, అక్కా, చేతులు పుల్లలైపోయాయి. డాక్టరు జబ్బేమీ లేదన్నారు గానీ బరువు తగ్గిందన్నారు. ఆ రోజు మేడం వంటగది గుమ్మంలో నిలబడి, "రూతూ, వచ్చే తూకానికి పెరక్కపోతే దీన్ని మా అమ్మ దగ్గరికి పంపేస్తాను. జోయెల్ ఒక్కడికైతే మనిషెందుకు? నిన్నూ పంపెయ్యాల్సొస్తది" అంది. నాకు పని పోతుందన్న భయం ఒకటి, ఆ పిల్లని వదిలి ఉండాలన్న భయం ఇంకొకటి.

పండగ ముందరి శ్రమల దినాలు కదా, సాయంత్రం దాకా ఎలాగూ ఉపవాసమే. దాన్ని హన్నా పేరున పెట్టుకున్నాను. మంచినీళ్ళు కూడా మానేశాను. దాని గిన్నె పక్కనే మోకరించి, ప్రభువా, ఈ పిల్ల తింటే చాలు అని వేడుకునేదాన్ని. నేను ఎంత వేడుకుంటే అది అంత గట్టిగా నోరు మూసేది. ఒకసారి విసుగొచ్చి అరిచాను. తర్వాత ఇద్దరం ఏడ్చాం.

నిన్న బడికి సెలవు. హన్నా ముద్ద తోసేస్తుంటే జోయెల్, "తినవే, ఆంటీ ఎంత కష్టపడి చేసిందో!" అన్నాడు.

అది నావైపు వేలు చూపించి, "ఆంటీ తినట్లేదుగా. నాకూ ఉపాసం" అంది.

అంతకుముందు రోజూ ఇద్దరం కలిసే తినేవాళ్ళం, అక్కా. నేను ఉపవాసం మొదలుపెట్టిన వారమే అదీ మానేసింది. నా బుర్రకు ఆ సంగతే తట్టలేదు! దాని గిన్నెలోంచే ఒక ముద్ద తీసి నా నోట్లో పెట్టుకున్నాను. అది నా దవడ కదిలేదాకా చూసి, అప్పుడు నోరు తెరిచింది. దానికొకటి, నాకొకటి. గిన్నె ఖాళీ అయింది.

పండగ దాకా ఉపవాసం విడవనని నీకిచ్చిన మాట తప్పాను. పాస్టరుగారికి నువ్వే సర్దిచెప్పు. నర్సమ్మ తిరిగి వచ్చేటప్పుడు కాస్త మునగాకు పొడి పంపు, పిల్లల పప్పులో వేస్తాను.

తూకం ఎల్లుండే. రెండు మూడు రోజుల అన్నానికి ముల్లు కదులుతుందో లేదో, నాకు గుండె దడగానే ఉంది. మా కోసం ప్రార్థన చెయ్యి. బావగారికి, అత్తయ్యగారికి నా వందనాలు చెప్పి, నా తల మీద చెయ్యి పెట్టినట్టే దీవించమన్నానని చెప్పు.

ఒక్క మాట. ప్రార్థన చేస్తే అన్నం తిన్నాకే చెయ్యి, అక్కా. మీ ఇంట్లోనూ నిన్నే చూస్తున్న పిల్లలున్నారు.

ఇట్లు,
నీ చెల్లెలు
రూతు