అడిగింది ఆయన్ని

మంగళవారం, రాత్రి

బండి మీదికెల్లి పడి తలకు దెబ్బ తాకినప్పటిసంది మా ఆయనకు మాట జల్దీ రాదు. గందుకే ఇయ్యాల ఖేడ్ దవాఖానల ఫిజియోథెరపీ మేడమ్ "నీకు ముందుగాల ఏం చెయ్యొస్తే మంచిగుంటది?" అని ఆయన్ని అడిగితే నేనే అందుకున్న. "చేనుకు నడిచి పోవాలె మేడమ్."

మేడమ్ నా దిక్కు చూడలే, ఆయన కోసమే ఆగింది. చానాసేపటికి ఆయన అన్నడు, "తలుపేసుకొని... తానం చెయ్యాలె."

నాకు తల కొట్టేసినట్టయింది. పొయ్యి మీద కూర కనవడాలని, ఇన్ని దినాలు తలుపు తెరిచే ఆయనకు నీళ్లు పోసిన. పక్కింటోళ్లు వాకిట్ల తిరుగుతున్నా మూయలే.

పొద్దుమీకి ఇంటికొచ్చినంక తానాలగదిల స్టూలేసి, చెంబు చేతికిచ్చి, బయటికొచ్చి తలుపు దగ్గరికేసిన. లోపల సబ్బు జారిపడ్డ సప్పుడైంది.

"రావాల్నా?"

"వద్దు."

చెవుల్ల నురగతోనే బయటికొచ్చిండు. తుడుస్తనని చెయ్యి చాపి, మళ్ల ఎన్కకు తీసుకున్న. ఆయన మొఖం చూడనీకె నాకే సిగ్గయింది.