కోటవురట్లకి పంపిన నోటుబుక్కు

అనకాపల్లి,
6-2-2006

త్రినాధ బావకి సత్తియ్య రాసేది.

అక్క మోకాళ్ళు ఎలా ఉన్నాయి? మీ కోటవురట్ల అప్పలకొండమ్మ చేత ఒక నోటుబుక్కు పంపేను. ఎవరికీ చూపించకు. బియ్యం డబ్బా అడుగున పెట్టు.

మా ఇందు బీఎస్సీ అయింది కదా. పరవాడ మందుల కంపెనీలకి పదకొండు బయోడేటాలు పంపింది. ఒక్కరూ పిలవలేదు. ఇప్పుడు ఇంటర్నెట్ సెంటర్ బెన్‌హర్ కొత్తది ఊరికే రాసిస్తానన్నాడట. ఊరికే ఎందుకు రాస్తాడు బావా?

నిన్న మా బెల్లం గానుగకే వచ్చేడు. నేను పెనం దగ్గర చెరకు పాకం చూస్తంటే పక్కన నిలబడి, "బాబాయ్, సున్నం ఎంతేత్తారు? రంగు తేలడానికి మందేటేత్తారు? లెక్కలెవలు రాత్తారు?" అని అడిగేడు. "నీకేటి పని?" అన్నాను. నవ్వేడు. ఇందు పరుగున వచ్చి ఈ పుస్తకం వాడి చేతిలో పెట్టింది. నాలుగు సీజన్లుగా ఏ పెనంలో ఏం వేశామో, బెల్లం దిమ్మ ఏ రంగొచ్చిందో అన్నీ రాసిందట. మందు ఎక్కువేసిన రోజులు కూడా! వాడు కల్తీ పట్టే ఆఫీసర్ల మనిషేమో. గానుగ షావుకారికి తెలిస్తే నా పని పోతుంది.

వాడు అందులోంచి ఏదో రాసుకుని, తిరిగిచ్చి వెళ్ళేక పుస్తకం తీసి దాచేసేను. "నాన్నా, నా పుస్తకం సూసేవా?" అంది. లేదన్నాను. పిల్లతో అబద్ధమాడడం ఇదే మొదలు.

నీ బావమరిది
సత్తియ్య

అనకాపల్లి,
15-2-2006

బావా,

ఉత్తరం అందగానే పుస్తకం పట్టుకుని నువ్వే బస్సెక్కు. ఇందుకి పరవాడ నుంచి పిలుపొచ్చింది. సోమవారం ఇంటర్వ్యూ. ఆ నోటుబుక్కు తెమ్మని కాగితంలో రాసేరు. పిల్ల ఇల్లంతా వెతికి, ఎలకలు కొట్టేశాయని ఏడ్చింది. నేను కంచం మీంచి తల ఎత్తలేదు.

బెన్‌హర్ దగ్గరకెళ్ళి అడిగేను. పాత కాగితాలు చూపించేడు. "కష్టపడతాను, నిజాయితీగా ఉంటానని పదకొండిట్లోనూ అదే రాసింది బాబాయ్. అందరూ అదే రాత్తారు. గానుగ పని సెప్పుకోడానికి సిగ్గుపడింది." కొత్తది చదివేడు. నాలుగు సీజన్ల లెక్క, సున్నం కొలత, మందు తగ్గించి రంగు తెచ్చిన రోజులు, తప్పిన రోజులు. షావుకారు పేరు ఎక్కడా లేదు. చివర, పని నేర్పినవారు: సత్తియ్య, పాకం మేస్త్రి.

"ఊరికే ఎందుకు రాసేవు?" అన్నాను.

"ఆ పదకొండూ నా దగ్గర టైపు సేయించినవే. ఒక్కదానికీ పిలుపు రాకపోతే నా సెంటర్‌కి ఎవలొత్తారు?"

అప్పుడు నమ్మేను.

పుస్తకం నేనే తీసేనని ఇందుకి నోటితో చెప్పలేను. అందుకే ఈ ఉత్తరం తనకే ముందు ఇస్తాను. చదివి తనే పోస్టు చేస్తుంది. నేను వాకిట్లో కూర్చుంటాను.

సత్తియ్య

మావయ్యా, పుస్తకం శనివారానికే తెండి. నాన్నతో నేను మాట్లాడడం లేదు. కానీ సోమవారం కంపెనీ గేటు దాకా ఆయనే రావాలి. పని నేర్పినదెవరని అడిగితే చూపించాలి కదా. ఉతికిన చొక్కా తొడుక్కోమని మీరే చెప్పండి.

ఇందు