టీ కొట్టులో బోర్డు

మంగళవారం రాత్రి.

కొట్టులో పొగ తాగరాదని ఈ రోజు బోర్డు పెట్టాను. టీ కాసే మా ఆవిడ సుజాతకు దగ్గు తగ్గడం లేదు. బీడీ పొగ తగలకూడదని డాక్టరు గట్టిగా చెప్పాడు.

వెంకయ్య బాబాయి వచ్చి బోర్డు కిందే బీడీ వెలిగించాడు. బయటికెళ్ళి తాగమన్నాను.

"ఏరా, మాకు బుద్ధి లేదా? పత్తి కుప్ప దగ్గర ఎవడు చెప్తే బీడీ ఆర్పుతున్నాం?"

"పత్తి మీది కాబట్టి ఆర్పుతారు బాబాయ్. నా పెళ్ళాం దగ్గితే మీ సొమ్మేం పోతుంది?"

ఆయన లేచి ఎదురు కొట్టుకు వెళ్ళాడు. ఆయనతో రోజూ కూర్చునేవాళ్ళంతా వెంటే వెళ్ళారు. అంత మాట అనకుండా ఉండాల్సింది. కొట్టు నాదే, కానీ నడిచేది వాళ్ళతోనే.

మిగిలిన పాలు తోడు పెడుతూ, రేపటి నుంచి పాలు తక్కువ పోయించుకుందామంది సుజాత. బోర్డు తీసెయ్యమని మాత్రం అనలేదు. తీసెయ్యనా అని నేనూ అడగలేదు.