ప్లాట్ల నడుమ తుంగ

ప్రణీత వాళ్ల నాయినకు,

రొట్టెలు గంపల ఉన్నయి, పుంటికూర పొయ్యి మీద ఉంది. తిని బీపీ గోలి వేస్కో. నీ పీఎఫ్ పైసలు తీసే ఫారం కోసం ఇల్లంత వెతకకు, నా సంచిల ఉంది. నేను అయిజ తహసీల్ ఆఫీసుకు పోతున్న.

నిన్న నీ తమ్ముడు తిమ్మప్ప వెంచర్ చూపిస్తుంటే నువ్వు రంగుల గేటు చూసినవు, నేను నేల చూసిన. ప్లాటు రాళ్ల నడుమ తుంగగడ్డి మొలిచింది. నీళ్లు నిలవని చోట తుంగ మొలుస్తదా? "ఈడ నీళ్లకు కొదవే లేదు వదినె" అని ఆయనే నవ్వుకుంట చెప్పిండు. అది చెరువు నిండితే మునిగే శిఖం భూమేమోనని నా భయం. ఆఫీసుల ఊరి భూముల నక్ష చూసొస్త. పట్టా భూమే అయితే ఫారం నేనే నీ చేతుల పెడ్త.

ముప్పై ఏండ్లు జిన్నింగు మిల్లుల దూది పీల్చి దగ్గు తెచ్చుకున్నవు. ఆ పైసలు నీళ్లల్ల మునుగుతుంటే నేను చూడలేను. నన్నొక్క మాట అడగకుండనే ప్లాటు కొంటనని తమ్మునికి సరే అన్నవు, ఆ ముచ్చట సాయంత్రం.

– జమ్ములమ్మ

మర్చిపోయిన: తిమ్మప్ప ఇంకో ఫారం పట్టుకొస్తే "మీ వదినె ఒప్పుకుంటలేదు" అని నా మీదికి తోసెయ్. చెడ్డదాన్ని నేనైత. నువ్వు మంచి అన్న లెక్కనే ఉండు.