ఒంటి చక్రం చూసిన మామ

1962, ఆదివారం రాత్రి

నిద్ర వస్తలేదు. పొద్దుగాల నేను పనిచేసే సైకిల్ దుకాణం బందుంటే, విరిగిన సైకిల్‌తోని నేను చేసుకున్న ఒంటి చక్రం ఎక్కి కోహీర్ తొవ్వ పట్టిన. డాంబర్ రోడ్డు దిగి ఎర్రమట్టి బాటల పడ్డంక పానం ఎంత హాయిగున్నదో! చేతులు చాపి గుంతలు తప్పిచ్చుకుంట పోతున్న. ఎదురుంగ ఎడ్లబండి ఆగింది. బండ్లె తెల్ల రుమాలు కట్టిన పెద్దమనిషి.

"ఏం పిల్లగా, డేరా ఏడ ఏసిన్రు?" అన్నడు. నన్ను సర్కసోడనుకున్నడు.

నాకు ఉషారొచ్చి, "జహీరాబాద్‌ల కాకా. పులి మీద గూడ కూసుంట, రాండ్రి" అన్న.

ఇంటికొచ్చే వరకు గాయినే మా వాకిట్ల మంచం మీద కూసున్నడు. పిల్లనిచ్చేటోళ్లు చెప్పకుంట వచ్చి పిల్లగాన్ని చూస్తరని నాకేం ఎరుక? జల్ది చక్రాన్ని గోడ చాటుకు తోసిన. ఆయిన మాత్రం నిమ్మళంగ చాయ తాగి, "పిల్లగాడు నచ్చిండు పటేలా. గని మా బిడ్డనిచ్చినంక ఈ ఒంటి చక్రం ఆటలు నడువయి" అన్నడు.

"గదెంత పని? రేపే ఇనుప సామాన్లోనికి ఏస్త" అన్నడు మా నాయిన.

అందరు నవ్విన్రు. అమ్మ బెల్లం పంచింది. పిల్ల ఎట్లుంటదని గూడ నేను అడగలే. గప్పటి సంది గా ఎర్రబాటే కండ్లల్ల తిరుగుతున్నది. నాయిన లేవకముందే చక్రం ఎక్కి కోహీర్ దిక్కు పోతె... మల్ల తిరిగొస్తనా? ఏమో. పెండ్లికి సరే అని నేనైతే ఇంకా చెప్పలే. నన్నెవ్వరు అడగలే గూడ.